ఆకు రాలిన చెట్టును బెరడుతో గుర్తుపట్టడం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో కట్టెల ఊసు ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. వెన్న శాతం గురించి, దాణా బస్తా ధర గురించి, బోనస్ గురించి మాట్లాడేవారు మా తరువాత ఉన్నారు. మేము మాత్రం కట్టెల గురించే మాట్లాడదలచాము. ఎందుకంటే కట్టెల విషయంలో మేము చేసిన ఒక తప్పు మూడు నెలలు తిరిగేసరికి పాల క్యాన్‌లో కనిపించింది. ఆ తప్పును దాచుకోకుండా మీ ముందు పెట్టాలనే వచ్చాము.

మన ఇళ్ళల్లో వంటకు గ్యాసు వచ్చిన మాట నిజమే. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చింది. అయినా పెరట్లో రాళ్ళ పొయ్యి ఆరిపోయిందా? ఉలవలు ఉడకబెట్టడానికి, కుడితి కాచడానికి, చలికాలం నీళ్ళు కాగబెట్టడానికి ఇంకా కట్టెలే కావాలి. ఈనిన గేదెకు వేడినీళ్ళు పెట్టడానికి ఎవరూ గ్యాసు వెలిగించరు. మా సంఘం కేంద్రంలోనూ అంతే. క్యాన్లు, కొలత పాత్రలు కడగడానికి పూటకొక గంగాళం వేడినీళ్ళు కావాలి. దానికి ఏడాది పొడుగునా కట్టెలు కొనడం ఖర్చని, ఊరి చుట్టూ ఉన్న ఎండు చెట్లు మనమే కొట్టుకుందామని ఒక మాఘమాసంలో తీర్మానించుకున్నాము. తీర్మానం పుస్తకంలో రాసుకున్నాము కూడా. ఎండు చెట్లు మాత్రమే అని స్పష్టంగానే రాశాము.

మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. మాఘమాసానికి మా వైపు చెట్లు ఎలా ఉంటాయో చూసినవారికి చెప్పనక్కరలేదు. వాగు గట్టున, చేల గట్ల మీద, మేత బంజరులో సగానికి సగం చెట్లు బోడిగా నిలబడి ఉంటాయి. గొడ్డళ్ళు పట్టుకొని ఒక ఆదివారం బయలుదేరాము. ఆకులేని చెట్లు ఎనిమిది ఏరుకున్నాము. వాటిలో నాలుగింటికి ఎండిన కాయలు వేలాడుతూ గాలికి గలగలమంటున్నాయి. ఇంతగా ఎండిన చెట్టు ఇంకెక్కడ దొరుకుతుందని అనుకున్నాము. మధ్యాహ్నానికి ఏడు కూలగొట్టాము.

ఎనిమిదోదాని దగ్గరికి వచ్చేసరికి గొర్రెలు మేపుకొనే ఒక తాత అటుగా వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు.

"ఏరా అబ్బాయిలూ, ఇది చచ్చిందని మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఆకు లేదు కదా తాతా" అన్నాము.

ఆయన చెట్టు దగ్గరికి వెళ్ళి బొటనవేలి గోరుతో బెరడు మీద పైపొర ఇంత గీకాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. కూలిన చెట్ల దగ్గరికి కూడా వెళ్ళి ఒక్కొక్కదాన్నే గోటితో గీకి చూపించాడు. ఏడూ పచ్చివే. "ఈ నాలుగూ దిరిసెనలు. ఈ ఒక్కటీ నారయేపి. ఈ రెండూ గుంపెనలు, ఇవి మృగశిర కార్తె దాకా మోడులే" అని చెప్పి గొర్రెలను తోలుకొని వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో.

ఆ వేసవి సంగతి వినండి. దిరిసెన ఎండాకాలం మొదట్లోనే చిగురేస్తుంది. నారయేపి కూడా ఉగాది దాటాక కొత్త ఆకు తొడుగుతుంది. పచ్చగడ్డి పోచ కూడా దొరకని చైత్ర వైశాఖాల్లో ఈ చెట్ల మండలు కొట్టి వేస్తే, ఎండుగడ్డి ఒక్కటే నమిలే బర్రెకు కాస్త మాంసకృత్తు అందుతుంది. ఎండు వరిగడ్డిలో కడుపు నిండుతుందేగాని బలం ఏపాటిదో మీకు తెలియనిది కాదు. ఆ వాగు గట్టు చెట్ల మీద ఆధారపడినవి అయిదారు ఇళ్ళు. పొలం లేనివాళ్ళు, ఒకటి రెండు బర్రెలతో సంసారం నెట్టుకొచ్చేవాళ్ళు. ఆ ఇళ్ళ పాలు ఆ వేసవిలో మరీ పలచబడ్డాయి. వేసవిలో పాలు ఎలాగూ తగ్గుతాయి, అంతా ఆ అయిదు చెట్ల మీదికి నెట్టడం న్యాయం కాదు. కాని ఆ ఇంటి ఆడవాళ్ళు మండల కోసం పొద్దున్నే మైళ్ళు నడిచి వెళ్ళడం మేము రోజూ చూశాము. సంఘం కోసమని సంఘమే వాళ్ళ మేత నరికింది. మా పాలకవర్గంలో ఆ ఇళ్ళవాళ్ళు ఒక్కరూ లేరన్న సంగతి కూడా అప్పుడే తట్టింది.

పోనీ, కట్టెలన్నా బాగా మండాయా అంటే, గుంపెన కట్టె పొగ తప్ప మంట లేదు. గంగాళం కింద పెడితే మూలుగుతూ ఉండేది. అది వంటచెరకుకు పనికివచ్చే చెట్టే కాదు. ఒకటి మాత్రం మేలు జరిగింది. గుంపెన కొమ్మ పాతితే బతుకుతుందని ఆ తాత తరువాత చెబితే, కొట్టిన కొమ్మల్ని బందెలదొడ్డి చుట్టూ గుంజలుగా పాతాము. కొన్ని నాటుకొని చిగురించాయి. దిరిసెనలు ఎటూ పోయినట్టే అనుకున్నాము గాని, రెండు మొదళ్ళ నుంచి పిలకలు వచ్చాయి. వాటికి కంప కట్టి కాపాడుతున్నాము.

అప్పటి నుంచి చెట్టును బెరడుతో గుర్తుపట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టాము. ఆకు, పువ్వు, కాయ ఉన్నప్పుడు చెట్టు పేరు చిన్నపిల్లలు కూడా చెబుతారు. మనం కట్టెలకు వెళ్ళేది అవి లేనప్పుడే. అప్పుడు చెట్టు మీద మిగిలే గుర్తు బెరడు ఒక్కటే. కొన్నిచోట్ల పట్ట అంటారు, కొన్నిచోట్ల చెక్క అంటారు. పేరు ఏదైనా, చూడవలసిన పద్ధతి ఇది.

చూడవలసింది కొమ్మను కాదు, మానును. లేత కొమ్మ బెరడు దాదాపు అన్ని చెట్లకూ నునుపుగానే ఉంటుంది. వయసు వచ్చేకొద్దీ మనిషి ముఖంలాగే దాని మీద గీతలు పడతాయి. రొమ్ము ఎత్తున, మాను చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. వాన తడి ఉన్నప్పుడు రంగును నమ్మకూడదు, తడిస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. బెరడు నిలువుగా పగిలిందా, అడ్డంగా కూడా పగిలి బిళ్ళలు బిళ్ళలుగా ఉందా, కాగితంలా పొరలు లేస్తోందా, చేత్తో రాస్తే నునుపా గరుకా అన్నవి ముందు చూడాలి. తరువాత గోరంత గాటు పెట్టి లోపలి రంగు, కారే రసం, వాసన చూడాలి. అయితే గాటు అన్ని చెట్లకూ పెట్టకూడదు. ఆ సంగతికి వస్తాము.

చచ్చిందా బతికుందా అన్నది తేల్చడం సులువు. గోటితో గీకితే పచ్చ, తడి కనిపిస్తే బతికున్నట్టు. గోధుమరంగు పొడి రాలితే ఆ చోటు చచ్చినట్టు. ఆ చోటు అని ఎందుకు అంటున్నామంటే, ఒక పక్క పిడుగు పడో, మంట తగిలో చచ్చి, మరో పక్క బతికే చెట్లు ఉంటాయి. అందుకని మానుకు రెండు మూడు పక్కల గీకి చూడాలి. నిజంగా చచ్చిన చెట్టు బెరడు దానంతట అదే పట్టు వదులుతుంది. లాగితే పలకలుగా ఊడివస్తుంది, కింద చెదలు, పురుగు తొలిచిన పొడి కనిపిస్తాయి. గొడ్డలి తిరగేసి తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఇంత తెలుసుకోవడానికి ఒక నిమిషం పట్టదు. ఆ నిమిషం మేము ఆనాడు పెట్టలేదు.

గాటు గోరంతే ఉండాలని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆకులో తయారయిన ఆహారం వేరుకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. చుట్టూ ఉంగరంలా బెరడు తీస్తే వేరు పస్తు పడి చెట్టు చస్తుంది. ఇవాళ బెరడు చుట్టూ చెక్కేసి, వచ్చే ఏడు ఎండుచెట్టని కొట్టుకొనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మా ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళు ఈ సభలోనూ ఉండవచ్చు.

ఇక చెట్ల గురించి. మేతకు ఉంచవలసినవి ముందు చెబుతాము.

దిరిసెన మాను ముదురు బూడిదరంగు, గరుకు, పొందిక లేని పగుళ్ళు. గాటు పెడితే లోపలి పొర ఎర్రగా ఉంటుంది. చెట్టు నిండా ఎండుకాయలు గలగలలాడుతుంటే అది చావు చప్పుడు కాదు, దిరిసెన పేరు చెప్పుకొంటున్నదని గుర్తుపెట్టుకోండి. నారయేపి లేతగా ఉన్నప్పుడు బెరడు నునుపు, ముదిరితే ముదురు బూడిదరంగులో లోతైన పగుళ్ళు. దాని కొమ్మలు సన్నగా కిందికి వేలాడతాయి, దూరం నుంచే తెలుస్తుంది. దాని బెరడు నుంచి నార తీస్తారు, పేరు అక్కడి నుంచి వచ్చినదే. కట్టె మన దేశంలోని బరువైన కట్టెల్లో ఒకటి. గొడ్డలి అంచు పోతుంది, కొట్టాలన్న ఆశ ఉన్నవారు ఆ ఒక్క కారణానికైనా మానుకుంటే మంచిది. గుంపెన మాను బూడిదరంగు, నునుపు. అక్కడక్కడ గుండ్రటి చిన్న బిళ్ళలుగా రాలుతుంది, బిళ్ళ రాలినచోట గుంట పడుతుంది. లోపల గులాబీ రంగు మీద తెల్లటి చారలు. జువ్వి, రావి, మేడి, మర్రి గాటు పెడితే తెల్లటి పాలు కారతాయి. వీటి కట్టె ఎలాగూ మంచి మంట ఇవ్వదు, ఆకు మాత్రం పశువు తింటుంది. జమ్మి గురించి చెప్పనక్కరలేదు. దసరాకు పూజించే చెట్టును మనవాళ్ళు కొట్టరు. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. బూడిదరంగు మాను, లోతైన పగుళ్ళు, చిన్న ముళ్ళు. ముల్లు చూసి తుమ్మ అనుకొని లేత జమ్మిని నరికినవాళ్ళు ఉన్నారు.

సుబాబుల్ గురించి ఒక మాట. గట్ల మీద వేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బెరడు నునుపుగా, లేత బూడిదరంగులో, తుప్పురంగు చుక్కలతో ఉంటుంది. ఆకు మేత మంచిదే గాని అందులో మైమోసిన్ అనే చెడుగుణం ఉన్నది. మొత్తం మేతలో మూడో వంతుకు మించి పెట్టవద్దు. మించితే వెంట్రుకలు రాలతాయి, ఆరోగ్యం చెడుతుంది.

మరి కట్టెలకు ఏది కొట్టాలి? మా అనుభవంలో మొదటిది సర్కారు తుమ్మ. ఇంగ్లీషు తుమ్మ, కంపచెట్టు అని కూడా అంటారు. 1870ల్లో విత్తనం తెప్పించి మన కడప వైపు వేశారు. ఇప్పుడది లేని చెరువు లేదు, బంజరు లేదు. ఎంత కొట్టినా మొదలు నుంచి మళ్ళీ లేస్తుంది. మంట గట్టిది, బొగ్గు మంచిది. దాని ఆకు బర్రె ముట్టదు, కాయ మాత్రం తియ్యగా ఉండి తింటుంది. కాయ ఒక్కటే మేతగా అలవాటయితే పశువుకు జబ్బు చేస్తుంది, కొద్దిగా అయితే ఫరవాలేదు. ఈ చెట్టును ఎంత కొడితే అంత మేలు, చేలూ చెరువులూ బాగుపడతాయి. కొట్టిన కంప దారిలో వదలకండి. గిట్టలో ముల్లు విరిగి చీము పట్టిన బర్రె నాలుగు రోజులు కుంటితే ఆ నాలుగు రోజుల పాలు ఎవరు ఇస్తారు?

సర్కారు తుమ్మకు, మన నల్లతుమ్మకు తేడా లేతగా ఉన్నప్పుడు తెలియడం కష్టం. ముదిరిన నల్లతుమ్మ మాను పేరుకు తగ్గట్టే నలుపు, నిలువునా లోతైన పగుళ్ళు, లోపల గులాబీ ఎరుపు, అక్కడక్కడ బంక. ముళ్ళు తెల్లగా, పొడుగ్గా, జంటలుగా ఉంటాయి. తోలు ఊనడానికి ఆ బెరడే వాడేవారు. సర్కారు తుమ్మ మాను గోధుమ బూడిదరంగు, వంకరటింకర, మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలుతుంది. నల్లతుమ్మ నాగలికి, బండికి పనికివచ్చే కలప. కాయలు మేకలకు, బర్రెలకు మేత. దాన్ని పొయ్యిలో పెట్టడం మాకు ఇష్టం లేదు. తెల్లతుమ్మ పేరులోనే ఉన్నట్టు పాలిపోయిన లేత పసుపు తెలుపు బెరడు. దాని పట్ట సారా కాచేవాళ్ళు వాడతారని మీకు తెలుసు, ఆ మాట ఇంతటితో వదిలేస్తాము.

కొండ పక్కన ఉన్నవారికి చిరుమాను తెలుసు. తిరుమాను అని కూడా అంటారు. బూడిద తెలుపు, నునుపు, సన్నటి పెచ్చులుగా లేచి, లేచినచోట లోతు తక్కువ గుంటలు. రాత్రి వెన్నెల్లో కూడా మెరుస్తుంది. గొడ్డలి కామకు, బండి ఇరుసుకు దానికి సాటి లేదు. మంటా బొగ్గూ కూడా గొప్పవే. అందుకే దానికి ప్రాణగండం. రాలిన కొమ్మ దొరికితే తెచ్చుకోండి, నిలబడినదాన్ని ముట్టకండి. అభయారణ్యంలో అయితే రాలినదాన్ని కూడా ముట్టవద్దు, ఆ చట్టం వేరు. మా వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల రక్షణ ప్రాంతం ఉన్నది కాబట్టి గట్టిగా చెబుతున్నాము.

ఇప్పుడు గాటు పెట్టకూడని చెట్ల సంగతి. ఇది శ్రద్ధగా వినమని మనవి.

నల్లజీడి. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే జీడిగింజ చెట్టే ఇది. ముదురు గోధుమరంగు గరుకు బెరడు. దెబ్బ తగిలితే కారే రసం గాలి తగిలి నల్లబడుతుంది, ఒంటి మీద పడితే పుండు పడుతుంది. మాలో ఒకరు కొత్తగా బెరడు విద్య నేర్చిన ఉత్సాహంలో దానికి గాటు పెట్టి, రసం వేలితో ముట్టి, అదే చేత్తో చెమట తుడుచుకున్నారు. మరునాటికి రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ముంజేయి అంతా బొబ్బలు. పదిహేను రోజులు పాలు పితకలేకపోయారు, ఇంట్లోవాళ్ళే ఆ పని చూసుకున్నారు. కాబట్టి తెలియని చెట్టుకు గాటు పెట్టేముందు మాను మీద ఎండిన నల్లటి కారుడు మరకలు ఉన్నాయేమో చూడండి, కింద జీడిగింజలు రాలి ఉన్నాయేమో చూడండి. ఉంటే దూరం జరగండి. కట్టెను పొయ్యిలో పెట్టినా పొగ పడనివారికి ముఖం వాస్తుంది. పొరపాటున రసం తగిలితే వెంటనే సబ్బుతో, నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి, పసరు వైద్యాలతో కాలయాపన చేయకండి.

పోయిన ఏడు శిక్షణకు వెళ్ళినప్పుడు కాకినాడ వైపు నుంచి వచ్చిన సభ్యులు ఇలాంటిదే ఇంకొకటి చెప్పారు. కోరంగి మడ అడవుల పక్క ఊళ్ళలో మడ ఆకు పశువులకు మేత. ఆ మడల మధ్యనే తిల్ల అనే చెట్టు ఉంటుంది. దాని బెరడు కూడా బూడిదరంగే. కాని కొడితే పాలు చిమ్ముతాయి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మడకు పాలు ఉండవు. కోసినచోట తెల్లటి చుక్క కనిపిస్తే కత్తి అక్కడే ఆపాలని వాళ్ళ ఊళ్ళో పిల్లలకు ముందే నేర్పుతారట.

గన్నేరు పెరటి చెట్టే గాని పెద్ద విషం. కంచె సరిచేసి కొట్టిన గన్నేరు పుల్లలు, ఎండుటాకులు పశువుల కొట్టం దగ్గర పడేయకండి. ఆకు ఎండినా విషం పోదు, కొద్ది ఆకులకే బర్రె ప్రాణం పోతుంది. పొయ్యిలోనూ పెట్టవద్దు. పొగ మంచిది కాదు.

తునికి విషం కాదు, దాని బాధ వేరు. బొగ్గులాంటి నల్లటి బెరడు, అడ్డంగా నిలువుగా పగిలి చతురస్రపు బిళ్ళలుగా కనిపిస్తుంది. అంత తేలికగా గుర్తుపట్టే చెట్టు ఇంకొకటి లేదు. బీడీ ఆకు చెట్టు కాబట్టి మీలో చాలామందికి చేతి పరిచయమే. దాని కట్టె మండేటప్పుడు చిటపటలాడుతూ నిప్పురవ్వలు ఎగరేస్తుంది. వాము పక్కన, కొట్టం చూరు కింద పొయ్యి ఉన్న ఇంట్లో తునికి కట్టె పెట్టకూడదు. ఏడాది గడ్డి ఒక్క రవ్వతో పోతుంది.

ఎర్రరసం కారే చెట్లు మూడు ఉన్నాయి. గాటు పెట్టగానే నెత్తురులా కారితే, అది ఏ చెట్టని తేలేదాకా గొడ్డలి దించండి. మోదుగ అయితే మాను పొట్టిగా, వంకరగా, బూడిదరంగులో ఉంటుంది. విస్తరాకు చెట్టు. పెద్దేగి అయితే మాను పెద్దది, నిటారు, ఆ ఎర్రబంక మందులకు పోతుంది. మూడోది ఎర్రచందనం. నలుపు గోధుమ కలిసిన బెరడు మొసలి వీపులా దీర్ఘచతురస్రపు పలకలుగా పగిలి ఉంటుంది. కడప, తిరుపతి, నెల్లూరు జిల్లాల సంఘాల సభ్యులు ఉన్నారు కాబట్టి చెబుతున్నాము. కట్టెల మోపులో ఆ కొమ్మ ఒక్కటి ఉన్నా జైలు పాలు కావలసి వస్తుంది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న చెట్టు అది. తెలియక తెచ్చానంటే ఎవరూ వినరు.

మొసలి వీపు అనగానే నల్లమద్ది గుర్తుకు వస్తుంది. దాని బెరడూ అలాగే మందంగా, పలకలు పలకలుగా ఉంటుంది గాని ఎర్రరసం ఉండదు. కొన్ని మానులకు బుడిపెలా ఉబ్బు కనిపిస్తుంది, అందులో నీళ్ళు దాచుకుంటుంది. 2024 మార్చి నెలాఖరున పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు అలాంటి ఉబ్బు దగ్గర గాటు పెడితే నీళ్ళు ధారగా వచ్చిన సంగతి పత్రికల్లో చూసే ఉంటారు. ఆ విద్య అక్కడి కొండరెడ్లది. వాళ్ళు ఎప్పటి నుంచో ఎరిగినదే, మనకు వార్త అయింది. దాని తోబుట్టువు తెల్లమద్ది, ఏరుమద్ది అనేది, వాగుల ఒడ్డున ఉంటుంది. బెరడు నునుపు, పాలిపోయిన రంగు, పెద్ద పెద్ద పలచటి రేకులుగా ఊడుతుంది. గుండెజబ్బుకు మందని దాని బెరడు ఒలిచేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒడ్డు కోతను ఆపే చెట్టు అది. ఊడిపడిన రేకులు ఏరుకోవడం వేరు, కత్తితో ఒలవడం వేరు.

ఇంకొక్క చెట్టు చెప్పి ముగిస్తాము. కొండ మీద తెల్లగా, కాగితంలాంటి బెరడుతో, ఆకు లేకుండా దయ్యంలా నిలబడి ఉండేది తపసి. చచ్చిన చెట్టంటే ఇదే అనిపిస్తుంది. దాని బంక ఏరి ఆదివాసీలు బతుకుతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ బంక కొంటుంది. మన పాల వంటిదే వాళ్ళకు ఆ బంక.

ఈ మాటలన్నీ విని ఇంటికి వెళ్ళేసరికి సగం మరిచిపోతారని మాకు తెలుసు. మేమూ మరిచిపోయేవాళ్ళమే. అందుకని మా కేంద్రంలో తూనిక బల్ల వెనుక గోడకు ఒక చెక్కపలక తగిలించాము. రాలిపోయిన బెరడు ముక్కలు ఏరుకొచ్చి దాని మీద మేకులతో కొట్టి, కింద పేరు రాశాము. జీడి ముక్క మాత్రం పెట్టలేదు, బొమ్మ గీయించాము. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి ఊరికే చూస్తుంటారు, పిల్లలు తడుముతుంటారు. ముక్కల పేర్లు కొన్నిటి మీద ఇప్పటికీ వాదం నడుస్తోంది. ఒకటి చిరుమాను అని మేము రాశాము, కాదని ఆ గొర్రెల తాత అంటున్నాడు. ఆయనే రైటు అయి ఉంటుంది.

రెండో పని ఇంకా ముఖ్యమైనది. చెట్టు పేరు తేల్చవలసింది ఆకు రాలాక కాదు, రాలకముందే. ఇప్పుడు ఆకు నిండుగా ఉంది, ఎవరికీ అనుమానం రాదు. మా ఊరి గట్ల మీద, వాగు ఒడ్డున ఉన్న మేత చెట్లన్నిటికీ మాను మీద రొమ్ము ఎత్తున సున్నంతో అడ్డపట్టె వేస్తాము. పట్టె ఉన్న చెట్టుకు ఆకు లేకపోయినా గొడ్డలి పడదు. ఏ చెట్టుకు పట్టె వెయ్యాలో ఆ అయిదారు ఇళ్ళ ఆడవాళ్ళే చెబుతారు, పాలకవర్గం సున్నం మోస్తుంది. ఈ సంవత్సరం ఎన్నికల్లో వాళ్ళలో ఒకరిని పాలకవర్గానికి ప్రతిపాదించాము. ఆ సంగతి అధ్యక్షులవారు తరువాత చెబుతారు.

దసరా వెళ్ళిన ఆదివారం పొద్దున పాలు పోయడం కాగానే కేంద్రం దగ్గర నుంచి బయలుదేరుతాము. పొరుగు సంఘాల నుంచి చూడవచ్చేవారు రావచ్చు. సున్నం బకెట్లు మావి, కుంచెలు చాలవు, ఈతమట్ట మొదలు నలగగొట్టి ఒకటి తెచ్చుకోండి.